కాలి కొలత సరిపోయినవాడు

మిసాయెల్ ఫాగువాను జట్టులోకి తీసుకున్నది కాళ్ళ బలం చూసి కాదు, కాళ్ళ పొడవు చూసి.

సొవాకిరా లోయలో ఆదివారం పందెం అప్పుడే అయిపోయింది. తొక్కినవాళ్ళంతా పాలకేంద్రం గోడకు సైకిళ్ళు ఆనించి, చెమట ఆరకముందే ఉన్ని గొంగళ్ళు కప్పుకొని నిలబడ్డారు. మిసాయెల్ ఆ రోజు ముందు వచ్చినవాళ్ళలో లేడు. దుప్పట్ల కంపెనీ జట్టును నడిపే దోన్ ప్లుతార్కో సేలీ జీపు దిగి వస్తుంటే, గెలిచినవాడు జుట్టు సవరించుకున్నాడు. దోన్ ప్లుతార్కో అతని వైపు చూడనైనా లేదు. సంతలో కోడెలను చూసినట్టు ఒక్కొక్కణ్ణీ నడుము నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, మిసాయెల్ దగ్గర ఆగాడు. జేబులోంచి దర్జీ టేపు తీశాడు.

"కాళ్ళు ఎడంగా పెట్టు."

గజ్జల నుంచి నేల దాకా కొలిచాడు. భుజం నుంచి మణికట్టు దాకా కొలిచాడు. పెదవి విరిచాడు.

"చెయ్యి సరిపోయింది. కాలే గోరంత తక్కువ."

"ఇంకోసారి చూడండయ్యా," అన్నాడు మిసాయెల్.

దోన్ ప్లుతార్కో మళ్ళీ వంగాడు. మిసాయెల్ వేసుకున్నవి చనిపోయిన తండ్రి బూట్లు, వదులుగా ఉంటాయి. టేపు కొస నేలకు తగిలేలోపు అతను బూటు కదలకుండా లోపల మడమ మాత్రం గోరంత పైకి లేపాడు.

"సరిపోయింది," అన్నాడాయన లేస్తూ.

"దోన్ ప్లుతార్కో, వాడికి పెళ్ళికోటు కుట్టిస్తున్నారా?" అని వెనకనుంచి ఎవడో అరిచాడు.

"కోటు ఫాబ్రీసియో ఓర్దూస్‌ది. వీడు దాన్ని తగిలించే కొయ్య."

అందరూ నవ్వారు. మిసాయెల్ కూడా నవ్వాడు. బంగాళాదుంపల చేలో నడుము వంచే బతుకు తప్పిపోయినవాడు నవ్వక ఏం చేస్తాడు.

ఫాబ్రీసియో ఓర్దూస్ ఆ జట్టు నాయకుడు. అప్పటికే బొగోతాలో చిల్లరకొట్ల మీద కూడా అతని బొమ్మ అంటించేవాళ్ళు. కనుమ ఎక్కుతూండగా నాయకుడి చక్రం పగిలితే జట్టు కారు ఎక్కడో వెనక దుమ్ములో ఉంటుంది. అది వచ్చేదాకా ఆగితే పందెం పోయినట్టే. కాబట్టి నాయకుడి పక్కనే, నాయకుడి కొలతకే సీటు బిగించిన సైకిలు మీద ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. టైరు ఉస్సుమన్న మరుక్షణం ఆ మనిషి దిగి, తన సైకిలు సీటు పట్టుకొని ఆయన ముందు నిలబెట్టాలి. ఆయన ఎక్కి వెళ్ళిపోతాడు. పగిలినది పట్టుకొని ఈ మనిషి రోడ్డు పక్కన నిలబడతాడు. నీళ్ళ సీసాలు మోయడం, ఎదురుగాలికి నాయకుడి ముందు గోడలా తొక్కడం జట్టులో అందరూ చేసే పనులే. సైకిలు ఇచ్చే పని మాత్రం మిసాయెల్ ఒక్కడిదే. జట్టులో అతనికి 'స్పేరు' అని పేరు పడింది. కొంతకాలానికి మెకానిక్కులు అసలు పేరు మర్చిపోయారు.

సీటు ఓర్దూస్ కొలతకు ఉండేది, అంటే మిసాయెల్‌కు గోరంత ఎత్తు. ఆ తేడా ఒక పూటకు తెలియదు. ఏళ్ళ తరబడి తొక్కితే ప్రతి చుట్టుకూ పెడలు కోసం కాలు సాగి సాగి, కుడి తుంటిలో మేకు దిగినట్టు ఉంటుంది. సీటు కొంచెం దించమని అతను ఎన్నడూ అడగలేదు. దించితే అతను ఎందుకు? గోరంత దించుకున్నవాళ్ళు దేశంలో వేలమంది ఉన్నారు.

సొవాకిరాలో అతని తల్లి దెల్ఫీనా పాలు పితికేటప్పుడు ట్రాన్సిస్టరును ఆవు కొమ్ముకు తగిలించుకొని పందెం వినేది. రేడియోవాళ్ళకు ముందున్నవాళ్ళతోనే పని. ఓర్దూస్ చక్రం పగిలింది అంటారు, ఓర్దూస్ మళ్ళీ బయలుదేరాడు అంటారు. ఆ రెండింటి మధ్య ఎవడు దిగాడో చెప్పరు. ఆవు మాత్రం కదలకుండా అంతా వినేది.

పొద్దున పాలకేంద్రం దగ్గర క్యాన్ల వరసలో ఎదువీనా కాచుకొని ఉండేది. రెండిళ్ళ అవతల ఉంటుంది, చంకలో ఎప్పుడూ ఒక పిల్లవాడు.

"మీవాడు సైకిలు తొక్కుతున్నాడా అక్కా, మోస్తున్నాడా?"

"తొక్కుతున్నాడు."

"మరి రేడియోవాడికి ఆ పేరు నోరు తిరగదా?"

"నిన్న ఓర్దూస్ గెలిచాడని విన్నావుగా. ఆ సైకిలు మావాడిదే."

"అట్లాగా. అయితే గెలిచింది సైకిలన్నమాట. ఈసారి వచ్చినప్పుడు దానికే ఒక గిన్నెడు పాలు పొయ్యి అక్కా, మీవాడికెందుకు దండగ."

వరస మొత్తం నవ్వేది. దెల్ఫీనా క్యాను మూత బిగించుకొని వెళ్ళిపోయేది. ఆ కొండల్లో కన్నతల్లి కూడా బిడ్డను 'మీరు' అని మన్నించే మాట్లాడుతుంది. మిసాయెల్ ఇంటికి వచ్చినప్పుడు ఆమె పొయ్యి దగ్గర కూర్చొని, వేడి బెల్లం నీళ్ళలో చీజు ముక్క వేసి అతనికి అందిస్తూ అనేది:

"నాయనా, మీరు గెలవాలని నేను అడగట్లేదు. ఒక్కసారి ముందు కనపడండి. ఈ ఊరు కళ్ళారా చూడాలి. ఆ తర్వాత మీ ఇష్టం."

"ముందుండడం నా పని కాదమ్మా."

"తెలుసు. అందుకే ఒక్కసారి అంటున్నా."

ఆ ఒక్కసారి చివరికి వచ్చింది. సొవాకిరా మీదుగా కనుమ దాకా తారురోడ్డు వేశారు. ఆ ఏడు దేశం చుట్టే పందెం ఆ రోడ్డునే వెళుతుందని రేడియోలో చెప్పారు. చెప్పిన రోజునే దెల్ఫీనా పాలకేంద్రం దగ్గర వరసలో అందరికంటే ముందు నిలబడింది.

"వాడు ముందు వస్తాడు," అంది ఎదువీనాతో. "ఊరి వాడికి సెలవిస్తారు. నా చేతి గిన్నె తాగి వెళ్తాడు. నువ్వు చంటివాణ్ణి ఎత్తుకొని నా పక్కనే నిలబడు."

ఆమె అన్నది నిజమే. ఎక్కడా రాసి లేకపోయినా ఆ పందెంలో ఒక కట్టడి ఉంది. దారి ఎవడి ఊరి గుండా పోతుందో వాడు ఊరికి ముందు సెలవు అడుగుతాడు. గుంపు మొత్తం కాళ్ళు సడలిస్తుంది. వాడొక్కడే ముందుకు వెళ్ళి, తల్లినో పెళ్ళాన్నో కావలించుకొని, పెట్టింది తిని, గుంపు వచ్చేసరికి మళ్ళీ అందులో కలిసిపోతాడు. పగవాడికైనా ఆ సెలవు కాదనరు. ఆ సెలవు తీసుకొని పందెం కొట్టేసినవాడూ లేడు. అమ్మ పేరు చెప్పి అప్పు తెచ్చి ఎగవేసిన దానికంటే అది నీచం.

సెలవు ఇచ్చేది నార్సీసో సంబ్రానో. గుంపులో అందరికంటే పాతవాడు, ముందుపళ్ళు ఎప్పుడో రోడ్డుకు ఇచ్చేసినవాడు. ముందురోజు పందెంలో మిసాయెల్ అతని పక్కకు చేరి అడిగాడు.

"రేపు మా ఊరు, అన్నా."

"నీకు ఊరు కూడా ఉందా స్పేరూ? నిన్ను ఏదో పెట్టెలోంచి తీస్తారనుకున్నా." సంబ్రానో గేరు మార్చుకున్నాడు. "ఎంతసేపు కావాలి?"

"ఒక గిన్నె తాగేంత."

"వేడిదా, చల్లారిందా?"

"వేడిది."

"అయితే ఊదుకుంటూ తాగు. మేం నెమ్మదిగా వస్తాం. మీ అమ్మకి నా దండాలు చెప్పు."

తెల్లవారి బయలుదేరేముందు హోటల్లో దోన్ ప్లుతార్కో పాలచారులో రొట్టె ముంచుకు తింటున్నాడు. ఓర్దూస్ పసుపు చొక్కా వేసుకొని ఎదురుగా కూర్చున్నాడు. మొత్తం పందెంలో అప్పటికి అందరికంటే ముందున్నవాడికే ఆ చొక్కా. కాని రెండోవాడు దగ్గర్లోనే ఉన్నాడు. వాడు కనుమలు బాగా ఎక్కుతాడు.

"సెలవు అడిగావా?" అన్నాడు దోన్ ప్లుతార్కో.

"ఇచ్చారయ్యా. గిన్నె తాగేంత."

"తాగొద్దు."

మిసాయెల్‌కు అర్థం కాలేదు.

"ఊళ్ళో ఆగకు. తిన్నగా కనుమ ఎక్కు. నువ్వు అమ్మ ఒళ్ళో ఉన్నావనుకొని వాళ్ళు ఒళ్ళు వదిలేసి వస్తుంటారు. మీ నడివీధిలో ఫాబ్రీసియో గుంపులోంచి దూకుతాడు. కనుమ సగంలో నిన్ను అందుకుంటాడు. అక్కణ్ణుంచి పైదాకా నువ్వు ముందుండి లాగు. పందెం ఇవాళే ముగిసిపోతుంది."

"అది... అమ్మ కోసం అడిగిన సెలవయ్యా."

"అమ్మ ఎక్కడికీ పోదు. పందెం పోతుంది." దోన్ ప్లుతార్కో మూతి తుడుచుకున్నాడు. "కుదరదంటే ఇప్పుడే చెప్పు. టేపు నా జేబులోనే ఉంది. కాళ్ళున్నవాళ్ళు ఈ కొండల్లో బోలెడుమంది."

ఓర్దూస్ తల ఎత్తకుండానే అన్నాడు: "మీ అమ్మకి నేను చెప్తాలే స్పేరూ. గెలిచిన పూలగుత్తి ఆమెకే పంపిస్తా."

మిసాయెల్ తలాడించాడు. అది ఒప్పుకోవడమో, విన్నానని చెప్పడమో అతనికే తేలలేదు. దారంతా తేల్చుకుంటూనే ఉన్నాడు. ఆగితే ఉద్యోగం లేదు. ఆగకపోతే ఈ గుంపులో ముఖం లేదు. తల్లి చేతి గిన్నె ఆ రెంటి మధ్యా ఆవిరి కక్కుతూ కనిపిస్తూనే ఉంది.

నీలగిరి చెట్ల మలుపు దగ్గర చెయ్యెత్తాడు. సంబ్రానో ఈల వేశాడు. చక్రాల హోరు ఒక్కసారిగా తగ్గింది. అందరూ నిటారుగా కూర్చున్నారు, ఒకడు అరటిపండు ఒలుచుకున్నాడు.

"మా వాటా చీజు తేవోయ్ స్పేరూ."

"మీ చెల్లెలు ఉంటే నా సంగతి చెప్పు."

"ఏడవకు. ఏడిస్తే కనుమ ఎక్కలేవు."

ఒకడు వీపు మీద తట్టి ముందుకు తోశాడు. ఆ చెయ్యి వెచ్చదనం ఊరి మొదటి ఇల్లు దాకా అతని వీపు మీద ఉంది.

వీధికి అడ్డంగా రంగుకాగితాల తోరణం కట్టారు. బ్యాండువాళ్ళు బూరలు నోట పెట్టుకొని ఉన్నారు. అతను దగ్గరికి వస్తుంటే వాయించడం ఆపేశారు, తల్లీ కొడుకులు కలుసుకునేటప్పుడు చప్పుడెందుకని. చర్చి మెట్ల ముందు దెల్ఫీనా నిలబడి ఉంది. గిన్నె కాలుతుందని శాలువ కొంగు మడిచి పట్టుకుంది. ఒక కాలు రోడ్డు మీద పెట్టింది. పక్కనే ఎదువీనా, చంకలో పిల్లవాడు. వాళ్ళ వెనక కటకటాలకు కట్టేసిన ఆవు, కొమ్ముకు ట్రాన్సిస్టరు.

మిసాయెల్ వేళ్ళు బ్రేకుల మీదికి వెళ్ళాయి. తాకాయి. గిన్నెలో చీజు ముక్క మెత్తబడి అంచున తేలుతూండడం కూడా అతనికి కనిపించింది. అప్పుడు పాలకేంద్రం గోడ కనిపించింది. టేపు కొస నేలకు తగులుతూండగా ఎత్తినట్టే మడమ దానంతటది గోరంత లేచింది. వేళ్ళు వదిలేశాయి.

"తర్వాతమ్మా," అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

వెనక ఎవరూ ఒక్క మాట అనలేదు. తోరణం దాటి, ఆఖరి ఇల్లు దాటి, రోడ్డు పైకి లేచేదాకా ఆ నిశ్శబ్దం అతని వెంట వచ్చింది. తర్వాత ఒక్కసారిగా బ్యాండు మోగింది, పిచ్చెత్తినట్టు. ఊరికి అర్థమైంది, లేదా అర్థమైందనుకుంది: మనవాడు ఆగలేదు, గెలవడానికే పోతున్నాడు.

కనుమ మీద రోడ్డుకు రెండువైపులా దుంపచేల వాళ్ళు గట్లమీద కూర్చున్నారు. ప్రతి గుంపులోనూ ఒక ట్రాన్సిస్టరు ఉంది. పక్కనుంచి పోతూంటే ఒకదాంట్లో సగం మాట, తర్వాతిదాంట్లో మిగతా సగం వినపడుతున్నాయి.

"...ముందున్నది ఒక్కడే, దుప్పట్ల కంపెనీ చొక్కా..."

"...ఫాగువా. మిసాయెల్ ఫాగువా. సొవాకిరా వాడు..."

ఇన్నేళ్ళకు అతని పేరు గాలిలో వినపడింది. ఒక రేడియో నుంచి ఇంకో రేడియోకు, గట్టు నుంచి గట్టుకు ఆ పేరు అతనికంటే ముందు కొండెక్కుతోంది. తుంటిలో మేకు ఉన్నదో లేదో తెలియలేదు. ముందు ఖాళీ రోడ్డు. అంత ఖాళీ రోడ్డును పందెంలో అతను ఎప్పుడూ చూడలేదు. అతనికి తెలిసిన పందెం అంటే ఎవడో ఒకడి వీపు. ఒక ముసలామె పక్కన పరిగెడుతూ నెత్తిమీద నీళ్ళు పోసి, "పో నాయనా, ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు," అంది. తీసుకున్నది దొంగ సెలవని అతనికి తెలుసు. అయినా నోరు దానంతటది నవ్వింది. ఓర్దూస్ వచ్చి కలిసేదాకా ఇది తనది.

కాని ఓర్దూస్ రాలేదు. సగం కనుమ దాటింది, ముప్పాతిక దాటింది. అప్పుడు ఒక గట్టు మీది ట్రాన్సిస్టరు చెప్పింది:

"...సొవాకిరా వీధిలో పసుపు చొక్కా పడిపోయింది... ఒక్కడే గుంపులోంచి దూకి వస్తూండగా..."

తర్వాతి గట్టు:

"...ఆవు. రోడ్డు మీదికి ఆవు వచ్చింది. ఓర్దూస్ లేవడం లేదు..."

మిసాయెల్ కాళ్ళు ఆగిపోయాయి. ఎవరూ ఆగమనలేదు. జట్టు కారు రాలేదు, దోన్ ప్లుతార్కో కబురు పంపలేదు. నాయకుడు పడ్డాడు అన్న మాట చెవిలో పడగానే, ఇన్నేళ్ళుగా ఆగినట్టే ఆగిపోయాయి. దిగి, సైకిలు సీటు పట్టుకొని, రోడ్డు పక్కన నిలబడ్డాడు.

"ఏమైంది? చైను తెగిందా?" అన్నాడు గట్టు మీది మనిషి, గొంగళి విసిరేసి దిగి వస్తూ.

"మా నాయకుడు పడ్డాడు."

"పడనీ. ఆయనేమన్నా నీ అయ్యా?"

"సైకిలు కావాలేమో."

"ఆయనకి కావలసింది కట్లు కట్టేవాడు. ఒరేయ్, పైన ఎవడూ లేడు. నీ ముందు ఎవడూ లేడు. కళ్ళు పోయాయా? ఎక్కు."

ఎక్కలేదు. ఆ మనిషి అతన్ని ఎత్తి సీటు మీద కూర్చోబెట్టబోయాడు. ఇంకో ఇద్దరు వచ్చి వెనకనుంచి నెట్టారు. మిసాయెల్ రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి, సంతకు రానన్న దూడలా బిగుసుకున్నాడు. చివరికి వాళ్ళే అలిసిపోయి, మట్టిగడ్డ తీసి అతని కాళ్ళ దగ్గర కొట్టి, గట్టెక్కి కూర్చున్నారు.

గుంపు వచ్చింది. నాయకుడు పడితే ఆగడం కూడా ఆ పందెంలో ఒక కట్టడే. ఆ రోజు ఎవరూ ఆగలేదు. సంబ్రానో ముందున్నాడు. మిసాయెల్ దగ్గరికి వచ్చేసరికి కాస్త నెమ్మదించాడు.

"గిన్నె బాగుందా?"

"అన్నా..."

"మీ అమ్మకి నా దండాలు చెప్పావా?" అని ఉమ్మేశాడు. పళ్ళు లేని నోరు, ఉమ్ము సరిగ్గా పడలేదు. వెనకవాళ్ళవి సరిగ్గానే పడ్డాయి. వీపు తట్టి తోసిన ఆ చెయ్యే నీళ్ళసీసా తీసి ముఖాన కొట్టింది.

గుంపు పోయాక అతను సైకిలు కిందికి తిప్పాడు. న్యాయనిర్ణేత మోటారుసైకిలు అడ్డంగా పెట్టాడు.

"వెనక్కి తొక్కితే పందెంలోంచి పోయినట్టే. తెలుసా?"

"తెలుసయ్యా."

"మరి?"

మిసాయెల్ హాండిలు తిప్పాడు. పక్కనుంచి దిగిపోయాడు.

చర్చి మెట్ల మీద ఓర్దూస్‌ను పడుకోబెట్టారు. కుడి తొడ ఉండకూడని దిక్కుకు తిరిగి ఉంది. మిసాయెల్ జనంలోంచి దారి చేసుకొని వెళ్ళి, ఎప్పటిలాగే సైకిలు సీటు పట్టుకొని, ఆయన ముందు నిలబెట్టాడు. బ్యాండువాళ్ళలో ఎవడో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నాడు.

ఓర్దూస్ చెమటలో కళ్ళు తెరిచాడు. సైకిలును చూశాడు, పట్టుకున్నవాణ్ణి చూశాడు.

"ఎక్కించండి," అన్నాడు పళ్ళు కొరుకుతూ. "పాడె మీదికి ఎక్కించినట్టు ఎక్కించండి. వీడు మోస్తాడు."

దోన్ ప్లుతార్కో మిసాయెల్ జబ్బ పట్టుకొని పక్కకు లాగాడు.

"నిన్నెవడు రమ్మన్నాడు?"

"ఆయన పడ్డారని..."

"చక్రం పగిలితే దిగమన్నాను. మనిషి పగిలితే కాదు." గొంతు పెంచలేదు. "ఫాబ్రీసియో పోయాడు. పసుపు చొక్కా పోయింది. నాకు మిగిలింది పైన నువ్వొక్కడివే. కారు రేడియోలో నీ పేరు వింటూ, పోనీ వీడైనా ఉన్నాడనుకున్నాను. పుట్టి బుద్ధెరిగి నీ పేరు నేను పలికింది అప్పుడే. దాన్ని కూడా మోసుకొచ్చి ఇక్కడ పడేశావు."

ఆయన మెకానిక్కు వైపు తిరిగాడు. "సైకిలు కారెక్కించు. కంపెనీది."

మిసాయెల్ చేతిలోంచి సీటు లాగడానికి మెకానిక్కు వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పవలసి వచ్చింది. పత్రికలవాళ్ళు చుట్టుముడితే దోన్ ప్లుతార్కో టోపీ తీసి చెప్పాడు: "సెలవు దొంగతనం ఫాగువా సొంత బుద్ధి. ఫాబ్రీసియో అతన్ని ఆపడానికే వెంటపడ్డాడు, పాపం. ఇలాంటివాడికి మా జట్టులో చోటు లేదు." మిసాయెల్ చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి విన్నాడు. కాదనడానికి కూడా నోటికి అలవాటు ఉండాలి.

ఇంట్లో దెల్ఫీనా పొయ్యి ముందు కూర్చుని ఉంది. గిన్నె పక్కనే నేలమీద ఉంది. బెల్లం నీళ్ళు చల్లారి మీద పొర కట్టాయి, చీజు అడుగున రాయిలా అయిపోయింది.

"పోలీసులు ఆవును తోలుకుపోయారు," అంది. "తాడు ఊడిపోయిందని చెప్పాను."

"ఊడిపోలేదా?"

"నేనే విప్పాను. మీరు ఆగలేదు. నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత బ్యాండువాడు అన్నాడు, గెలవడానికే పోతున్నాడని. మీ వెనక పసుపు చొక్కావాడు ఒక్కడే వస్తున్నాడు. ఆ ఒక్కడూ ఆగితే చాలుననుకున్నాను. తాడు విప్పి నడుమ్మీద ఒక్కటి వేశాను." చేతులు చూసుకుంది. "వాడి ఎముక విరిగిన చప్పుడు విన్నాను. పాపం తగులుతుంది. తగలనీ అనుకున్నాను, నా బిడ్డ పైన ఉన్నాడు కదా అని."

మిసాయెల్ గోడకు ఆనుకొని నేలమీద కూర్చున్నాడు.

"నువ్వెందుకు తిరిగొచ్చావు?" అంది ఆమె.

మిసాయెల్ కుడి తుంటిని అరచేత్తో నొక్కుకున్నాడు.

"ఆయన కాలూ నా కాలూ ఒకటే కొలతమ్మా."

"కాదు," అంది దెల్ఫీనా. "నీ ప్యాంట్లు కుట్టింది నేను."

గిన్నె తీసుకొని పెరట్లోకి వెళ్ళి కోళ్ళకు ఒంపేసింది. చీజు ముక్క వాటికి కూడా పగల్లేదు.

ఆవును కొన్నాళ్ళు ఠాణా వెనక కట్టేసి, పోలీసులే పాలు పిండుకొని, ఎముకలు తేలాక తిరిగి పంపారు. ఓర్దూస్ మళ్ళీ సైకిలెక్కలేదు. మిసాయెల్‌ను ఏ జట్టూ పిలవలేదు. పాలకేంద్రం వ్యాను తోలడం మొదలుపెట్టాడు, కొండల మీద ఇంటింటికీ ఆగి క్యాన్లు ఎక్కించుకొని. స్పేరు అన్న పేరు పోయి 'తిరిగొచ్చినోడు' అన్న పేరు వచ్చింది. తుంటి నొప్పి మాత్రం పోలేదు. వ్యాను దిగి క్యానెత్తుతూ కుడివైపు ఒరిగితే, "ఓర్దూస్ కూడా అచ్చం ఇట్లాగే కుంటుతాడంట. ఇన్నాళ్ళకు కొలత సరిగ్గా కుదిరింది," అనేవాళ్ళు. ఆ హాస్యం ఏళ్ళు గడిచినా పాతబడలేదు.

ఎదువీనా చంకలోని పిల్లవాడు ఎదిల్బెర్తో పెరిగి సైక్లిస్టయ్యాడు. మంచి సైక్లిస్టు, రేడియోలో పేరు వచ్చేవాడు. దేశం చుట్టే పందెం మళ్ళీ సొవాకిరా మీదుగా వచ్చింది. ముందురోజు ఎదిల్బెర్తో ఊళ్ళోకి ఫోను చేసి తల్లికి చెప్పిన మాట సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది. అతను సెలవు అడిగాడు. గుంపులో పెద్దలు నవ్వారు. "సొవాకిరా వాడికా? గిన్నె తాగడానికేనా? అప్పుడెప్పుడో ఒకడు తాగాడు, చాలు." ఆ పెద్దల్లో ఒక్కడు కూడా మిసాయెల్‌ను చూసినవాడు కాదు. సంబ్రానో ఎప్పుడో ఇంటికి పోయాడు. సొవాకిరా వాడికి సెలవు లేదన్న కట్టడి మాత్రం ఉంది.

అయినా ఎదువీనా గిన్నెతో వచ్చి నిలబడింది. చర్చి మెట్ల ముందు, సరిగ్గా అదే చోట. పోలీసుల మాట ప్రకారం దెల్ఫీనా ఆ పాత ఆవు దూడకు పుట్టిన ఆవును ఇంట్లోనే రెండు తాళ్ళతో కట్టేసి, గుమ్మంలో కూర్చుంది. మిసాయెల్ రోడ్డు అవతల వ్యానుకు ఆనుకొని నిలబడ్డాడు.

గుంపు గాలిదెబ్బలా వచ్చింది. ఎదిల్బెర్తో నడిమధ్యలో ఉన్నాడు, ఇరువైపులా భుజాలు ఆనించి అతన్ని కదలనివ్వకుండా పట్టుకున్నారు. ఒక్కసారి తల తిప్పాడు. తల్లి వైపో కాదో కూడా చెప్పలేం. తోరణం కాగితాలు కొన్ని తెగి రోడ్డు మీద దొర్లాయి. అంతే, వెళ్ళిపోయారు.

ఎదువీనా కొంతసేపు గిన్నెలోకి చూస్తూ నిలబడింది. తర్వాత రోడ్డు దాటి వచ్చి మిసాయెల్ ముందు ఆగింది. చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు. ఆవిరి ఇద్దరి ముఖాల మధ్యా లేస్తోంది.

"తాగు," అంది.

"వద్దమ్మా."

"నా బిడ్డ కోసం కాచింది నీ వల్ల మిగిలింది. పారబొయ్యమంటావా? తాగు."

ఆ కొండల్లో అందించిన గిన్నెను ఎవరూ కాదనరు. మిసాయెల్ రెండు చేతులతో పుచ్చుకున్నాడు. ఊదుకోలేదు. నాలుక కాలుతూంటే కాలనిచ్చి, అందరూ చూస్తూండగా చివరిదాకా తాగాడు. అడుగున మెత్తబడిన చీజును వేళ్ళతో తీసి తిన్నాడు. ఎదువీనా ఖాళీ గిన్నెను ఒంచి చూసి, ఏమీ మిగల్లేదని ఖాయం చేసుకొని, శాలువ కొంగుతో తుడుచుకొని వెళ్ళిపోయింది.

గుమ్మంలోంచి దెల్ఫీనా అతని వైపు చూడకుండానే అడిగింది:

"చల్లారిందా?"

"లేదు. వేడిగానే ఉంది."

"మంచిది," అని ఆమె ఆవు తాళ్ళు విప్పడానికి లోపలికి వెళ్ళింది.